నిరుటి మార్కులు

అక్కా,

"ఒకే ఇంట్లో ఉంటూ కనిపెట్టలేకపోయావా?" అని ఫోన్‌లో అడిగావు. నాన్న పక్కనే ఉన్నారని జవాబు చెప్పలేదు. కనిపెట్టాను.

నిరుడు డాక్టర్ నాన్నకు ఐదు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి చెప్పమన్నాడు. మూడో మాట దగ్గర నాన్న ఆగిపోయి నా వైపు చూశారు. క్లాసులో పక్కవాడికి జవాబు అందిస్తే బెంచీ ఎక్కించిన లెక్కల మాస్టారు, మన నాన్న, అలా చూస్తుంటే తట్టుకోలేకపోయాను. మిగిలిన మాటలకు చప్పుడు లేకుండా పెదవులు కదిపాను. "భేషుగ్గా ఉన్నారు, స్కాన్ ఎందుకు?" అని డాక్టర్ పంపేశాడు.

మొన్న స్కాన్ తీశారు. ఆ గదిలోకి తోడు ఎవరినీ రానివ్వరు. మెదడులో జ్ఞాపకాలను నిలిపే భాగం రెండువైపులా చిక్కిపోయిందట.

"మరి నిరుడు అన్ని మార్కులెలా వచ్చాయండీ?" అన్నాడు డాక్టర్.

"నేనెప్పుడూ ఫస్టే కదయ్యా!" అని నాన్న నవ్వారు. నేనూ నవ్వాను. తలుచుకుంటే నామీద నాకే అసహ్యంగా ఉంది.

ఏడాది ముందే తెలిస్తే చేయగలిగింది కొంత ఉండేదట. ఆ ఏడాదిని నేనే పోగొట్టాను.

గురువారం మళ్లీ మాటల పరీక్ష. "నువ్వూ లోపలికొస్తావుగా అమ్మా?" అని నాన్న పొద్దున్నుంచి నాలుగుసార్లు అడిగారు. సెలవు పెట్టి రా. ఆయనతో నువ్వు వెళ్లు. నిరుటి సంగతి డాక్టర్‌కు నువ్వే చెప్పు. నాకు నోరు రాదు.

నీ చెల్లెలు