చెరువులో వదిలిన సముద్రపు ఎండ్రికాయలు

గుమ్మడిదల,
5-2-1999.

సత్తిబాబు అన్నయ్యకు ఎల్లయ్య దండాలు. వీరలక్ష్మి వదినను మరీ మరీ అడిగినట్టు రాయమని మీ మరదలు దేవమ్మ పక్కనే కూర్చుని చెబుతోంది. రైలు దిగేసరికి కాళ్ళు వాచాయి తప్ప ఇద్దరం క్షేమంగానే చేరాం.

పటేల్‌గూడలో మా అక్క ఇంట్లో కిరాయికి ఉన్నన్నాళ్ళూ మీరు విశాఖ సముద్రం గురించి చెబుతుంటే కోతలనుకునేవాణ్ణి. మొన్న పున్నమి మర్నాడు బీచిరోడ్డు కింద నీళ్ళు వెనక్కి పోయి, నల్లబండలు బయటపడ్డాక గానీ నమ్మలేదు. పైన సిటీ బస్సులు హారన్లు కొడుతుంటే, కింద గుంటలో పువ్వులా విచ్చుకున్న జీవం వేలు తగలగానే ముడుచుకుపోయింది! వదిన ఒక నత్తగుల్లను తిరగేసి, అందులో కాపురం పెట్టిన పీతను చూపించింది. మీకు పీత, మాకు ఎండ్రికాయ. దేవమ్మ కుచ్చిళ్ళు ఎగదోపుకుని గుంట గుంటకూ వంగింది. దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని, "గింత ఉప్పుల గిన్ని పానాలు బతుకుతున్నయా" అని ఏడ్చేసింది. మీరిద్దరూ కంగారుపడ్డారు. ఎందుకు ఏడ్చిందో అప్పుడు చెప్పలేకపోయాను.

ఆమె చేపలు పట్టే ఇంట్లో పుట్టిన మనిషి. మా చెరువులో చేపలన్నీ చచ్చి తేలి ఆరేళ్ళయింది. నీళ్ళు ఉప్పెక్కడం వల్లే చచ్చాయని ఊళ్ళో అందరూ అనుకుంటారు. సముద్రపు ఉప్పులో బతికినవి మా చెరువులో ఎందుకు బతకవని దేవమ్మ లెక్క. చచ్చేలోగా ఆ నీళ్ళలో మళ్ళీ ఏదో ఒకటి కదలడం చూడాలని ఆశ. అందుకే మీరు వద్దంటున్నా వినకుండా పన్నెండు ఎండ్రికాయల్ని నూనె డబ్బాలో సముద్రపు నీళ్ళతో సహా తెచ్చింది. చేపపిల్లల్ని తెచ్చేటప్పుడు గాలి ఆడాలని చేసినట్టే, దారి పొడవునా ఆ నీళ్ళను చేత్తో చిలుకుతూనే ఉంది. టీసీ అడిగితే నాటుమందు అని చెప్పి తప్పించుకున్నాను.

చెరువు కట్ట దగ్గర పసుపు కుంకుమ చల్లి, గంగమ్మకు మొక్కి వదిలింది. అన్నయ్యా, అవి గుల్లల్లోంచి ఒక్కొక్కటీ బయటికి వచ్చేశాయి. ఒంటి మీద ఏమీ లేకుండా ఒడ్డుకు పాకి, కాళ్ళు ముడిచాయి. సముద్రపు జీవాలు రైలు ప్రయాణానికి ఆగలేదని సర్దిచెప్పబోయాను. దేవమ్మ వినలేదు. "ఉప్పు గాదు. ఉప్పయితే ఇల్లిడిసిపెట్టి ఎందుకు ఉరుకుతయి? గీ నీళ్ళల్ల ఎవడో ఇంకేందో కలుపుతున్నడు" అంది.

రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇప్పుడు చచ్చిన ఎండ్రికాయల్ని ఒక సీసాలో, చెరువు నీళ్ళను ఇంకో సీసాలో పెట్టుకుంది. సోమవారం సంగారెడ్డి కలెక్టరాఫీసుకు పోతుందట. దరఖాస్తు నాతోనే రాయించింది. మంచి జరగాలని మీరూ కోరుకోండి.

మీ తమ్ముడు,
ఎల్లయ్య

తా.క.: పైన రాసిందంతా దేవమ్మకు చదివి వినిపించాను. ఇది మాత్రం చదవను. ఊరి పక్క మందుల కంపెనీలో నాది మీ అందరికీ చెప్పినట్టు గోడౌను పని కాదన్నయ్యా. వాన పడ్డప్పుడల్లా వెనక గోడ దగ్గర వాల్వు తిప్పి, లోపలి విషపు నీళ్ళను మా చెరువులో కలిసే వాగులోకి వదిలేది నేనే. ఆరేళ్ళుగా అదే పని. భూమిలోంచి ఉప్పు ఊరుతోందన్న మాట ఊళ్ళో పుట్టించిందీ నేనే. దరఖాస్తులో 'వదులుతున్న మనిషి ఎవరో తెలియదు' అని నా చేత్తోనే రాశాను. సాక్షి సంతకం కూడా నాదే. దాని పక్కన వేలిముద్ర వేస్తూ దేవమ్మ, "నీ సంతకం ఉన్నది, ఇగ నాకేం బయం" అంది.