పాప దొంగతనంగా తినలేదు

వదినగారికి,

క్షేమ సమాచారాలు తర్వాత రాస్తాను. పాప రక్తపరీక్ష ఫలితం వచ్చింది. పుట్టుకతోనే జన్యువులో చిన్న తేడా ఉందట. ఒళ్ళు పెరగడానికి అదీ ఒక కారణం కావచ్చన్నారు డాక్టరమ్మ. అది మీ తమ్ముడి వైపు నుంచి వచ్చిందట. అందుకు నేనెవరినీ తప్పుపట్టను.

రెండేళ్ళుగా పాప తిన్నదంతా తూచి పుస్తకంలో రాశాను. తిండి తగ్గించినా బరువు పెరుగుతూనే ఉంది. "లెక్క కుదరట్లేదంటే దొంగతిండి తింటోందన్నమాటే. కాస్త కనిపెట్టుకో అమ్మాయ్" అన్నారు మీరు. వంటింటి అలమరకు తాళం వేశాను. "తినలేదమ్మా, ఒట్టు" అంటే చెంప మీద కొట్టాను.

మొన్న డాక్టరమ్మ పుస్తకమంతా తిరగేసి, "ఈ తేడా ఉంటే ఇంతే తిన్నా బరువు పెరగొచ్చు. మీ లెక్కలో తప్పేం లేదండీ" అన్నారు. నా లెక్కను నేను నమ్మి ఉంటే పిల్లనూ నమ్మేదాన్ని. మీ మాట నమ్మాను.

ఆదివారం తప్పకుండా రండి. "నువ్వు దొంగవి కాదే తల్లీ" అని మీ నోటితో దానికి చెప్పండి. నేను చెప్పి చూశాను. "సరేలే అమ్మా" అంది. అంటూనే, నేనడక్కుండానే, ఏమీ నమలడం లేదని నోరు తెరిచి చూపించింది.

మీ మరదలు