కమిషనర్ పోటీలోంచి నా పేరు కొట్టేయమని

కౌంటీ ఎన్నికల అధికారి ఆర్విల్ గారికి, ఎర దుకాణం డెల్బర్ట్ రాసుకున్నది.

అయ్యా,

ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లం, ఈ అయ్యా ఏంటని నవ్వకు. ఆఫీసు కాగితం కదా. బాగున్నావా? జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. రొయ్యల తొట్టి మోటారు చెడిపోయింది. ఆ గొడవలో నీ ఉత్తరం వలల కింద పడి మొన్ననే దొరికింది.

విషయం: పార్టీ లేనివాళ్లని కూడా ప్రైమరీలో ఓటెయ్యనివ్వడం గురించి, అందుకు అడ్డుపడ్డ నా తెలివితక్కువతనం గురించి.

1. నేను ఏ పార్టీలోనూ లేను. నా దగ్గర ఎర కొనేవాళ్లు రెండు పార్టీల్లోనూ ఉన్నారు. ఎవరు ఏ పార్టీయో ఓటర్ల జాబితాలో అందరికీ కనబడుతుంది. అందుకని చేరలేదు.

2. కమిషనర్ పదవికి నిలబడ్డది రస్కిన్, నెట్టీ. ఇద్దరిదీ ఒకే పార్టీ. రస్కిన్ నెగ్గితే పడవలు దించే రేవుని అపార్ట్‌మెంట్ల కంపెనీకి అమ్మేస్తాడు. రేవు పోతే నా దుకాణం మూతే. నెట్టీ అమ్మనంటోంది. అవతలి పార్టీవాళ్లెవరూ నిలబడలేదు కాబట్టి, వీళ్లిద్దరిలో ఒకర్ని ఎంచే ప్రైమరీలో నెగ్గినవాళ్లే కమిషనర్; అందుకే మన రాష్ట్ర చట్టం ప్రకారం ఆగస్టులో దానికి అందరం వెళ్లి ఓటెయ్యొచ్చు. సంబరపడ్డాను.

3. నామినేషన్ల ఆఖరి రోజు రస్కిన్ బావమరిది హాయిట్ రొయ్యలకొచ్చాడు.

"నువ్వూ నిలబడరాదూ? ఫీజు లేదు. బ్యాలెట్ మీద ఖాళీ గీత ఉంటుంది, ఇష్టమైనవాళ్లు నీ పేరు రాసుకుంటారు."

"నా పేరెవడు రాస్తాడయ్యా?"

"నేను రాస్తా. మా ఆవిడా రాస్తుంది."

నవ్వుకుంటూ సంతకం పెట్టాను. కాగితం తనే పట్టుకెళ్లాడు. పైగా ఆరు రొయ్యలు ఎక్కువేసి పంపాను.

4. నాలాంటి ఖాళీ గీతవాడు ఒక్కడున్నా ఎదురు పోటీ ఉన్నట్టేనట, ఇక ప్రైమరీలో ఓటు ఆ పార్టీవాళ్లకే అట, వాళ్లలో రస్కిన్‌దే బలం. నీ ఉత్తరం చదివాకే తెలిసింది. నాతోపాటు నాలుగు వేల మందికి ఓటు లేకుండా పోయింది. పోనీ పార్టీలో చేరదామంటే, ఉత్తరం దొరికేసరికి ఆ గడువూ దాటిపోయింది.

5. మా ఆవిడ మార్లీన్ ఆ పార్టీలోనే ఉంది. "పదకొండేళ్లు మీటింగులకి కుర్చీలు మోశాను. నువ్వు ఒక్కటి మోశావా? మా అభ్యర్థిని నువ్వెందుకు ఎంచాలి?" అంది. న్యాయమే. "అమ్మేది మీ పార్టీ రేవు కాదు కదే, అందరిదీ" అన్నాను. "పోనీ నవంబరులో అసలు ఎన్నికప్పుడు గీత మీద నా పేరు రాస్తావా?" అని అడిగాను.

"నీకా? ఎవడు ఏ కాగితం ఇచ్చినా సంతకం పెట్టేవాడికా?"

కావున తమరు దయతలచి నా పేరు కొట్టేసి, ప్రైమరీ తలుపు అందరికీ తీయించవలసిందిగా మనవి. ఈ గోడు చిత్తగిస్తారని ఎదురుచూస్తూ,

తమ విధేయుడు, ప్రస్తుతానికి తమ అభ్యర్థి కూడా,
డెల్బర్ట్

మళ్లీ రాసేది: కుదరకపోతే ఆ మాట ఉత్తరంలో రాయకు, నేనెప్పుడు తెరుస్తానో తెలిసిందిగా. వచ్చి చెప్పు. రేవు ఉండగానే ఒకసారి పడవ దించుదాం. ఎప్పుడొస్తున్నావు?