నేపుల్స్‌లో మార్చుకున్న టూరు

నాన్నా, నీ ఫోను నీతోనే మునిగిపోయింది. అయినా ఈ మెసేజ్ నీ నంబరుకే కొడుతున్నాను. ఒళ్లు మండిపోతోంది, ఇంకెవరికి చెప్పను?

మనం ఇంటికి చేపలిచ్చే స్టీల్ ప్లాంట్ సారు రిటైరయ్యారు. ఆయనా మేడమూ మొదటిసారి పెద్ద ఓడెక్కి మధ్యధరా సముద్రం తిరగడానికి వెళ్తున్నారు. ఆ ఓడ నేపుల్స్‌లో ఆగుతుంది. నువ్వు ఓడలో పనికెళ్లి, డెక్కు మీంచి జారిపోయి మళ్లీ దొరకని రేవు అదే కదా. అక్కడి గట్టున నీ పేరు చెప్పి నీళ్లలో వదలమని అమ్మ చిన్న మూట కట్టిచ్చింది. గుప్పెడు బియ్యం, పసుపు, నీ చుట్ట ఒకటి. మేడం సరేనంది.

ఈ రోజు చేపలు పట్టుకెళ్తే ఆ మూట తిరిగిచ్చేసింది.

"అక్కడ రేవు చూపించే టూరు వద్దనుకున్నాం బాబూ. కొండ పేలి బూడిదలో పూడిపోయిన ఊరుందంట, అది చూస్తాం. దిగగానే బస్సెక్కించేస్తారు. టైముండదు."

నేను ఎవరితోనూ మాట్లాడనని నీకు తెలుసు. అయినా అడిగేశాను.

"ఆ ఊర్లో ఏటుందండి?"

"రెండు వేల ఏళ్ల కిందట చచ్చిపోయినవాళ్లు, పడినవాళ్లు పడినట్టే ఉంటారంట."

"ఆళ్లు మీకేటవుతారండి? ఓడెక్కకముందు మీ ఇంటికి సేపలు తెచ్చినోడు మా నాన్నండి. ఆళ్లకి రోజంతా ఉంది, మా నాన్నకి అయిదు నిమిషాలు లేవేటి?"

మేడం తలుపేసుకుంది.

ఇంటికొస్తే అమ్మ అడిగింది. "మూట బేగులో ఎట్టుకున్నారేట్రా?"

"ఎట్టుకున్నారు."

అది నా జేబులోనే ఉంది నాన్నా. ఇంక ఎవరినీ బతిమాలను. పద్దెనిమిదేళ్లు రాగానే నేనే నీలా ఓడ పనికెక్కి దీన్ని అక్కడ వదులుతాను. అమ్మకి చెప్పకు.