మూడో పొయ్యి కుటుంబం

మారికుప్పం,
తేది: 14-8-1986

కోలారు జిల్లా వసతి పథకపు కుటుంబ లెక్కల అధికారి గారి సముఖమునకు,

మారికుప్పం గని కార్మికుల లైనులో కాపురముండి, గనిలో డ్రిల్లు పని చేయు ఓబలప్ప వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: కన్నకొడుకులు ఇద్దరు బ్రతికి ఉండగా మా తల్లి నరసమ్మను "దిక్కులేని ఒంటరి వృద్ధురాలు"గా నిర్ణయించి తమరు ఇల్లు మంజూరు చేసినందుకు ఆక్షేపణ, ఆమెను తిరిగి మా కుటుంబంలో కలుపుట గురించి.

1. పోయిన ఏడు తమ కార్యాలయం వారు మా లైనులో నోటీసు అంటించినారు. "ఒక పొయ్యి ఒక కుటుంబం, ఇల్లు లేని ప్రతి కుటుంబమునకు ఒక ఇల్లు" అని అందులో ఉన్నది. నేను, తమ్ముడు కదిరప్ప, మా ఇద్దరి భార్యాబిడ్డలు, మా తల్లి, మొత్తం తొమ్మిది మందిమి ఒక్క గదిలో, ఒక్క కుండ సంకటి తిని బ్రతుకుతున్నవారము. ప్రభుత్వమే పొయ్యి లెక్క అడిగితే మేమెందుకు వెనుకబడవలెను? మధ్యలో గోనెపట్టా కట్టి రెండో పొయ్యి పెట్టినాము. లైనంతా పెట్టినది. ఆ వారం మారికుప్పంలో బంకమట్టికి కరువు వచ్చినది.

2. తమ గుమాస్తా వచ్చి పొయ్యిలు లెక్కపెట్టుకొని పోయినాడు. ఆ లెక్కను తమరు విశ్లేషించి అచ్చువేయించిన నివేదికను యూనియన్ ఆఫీసులో చదివి వినిపించినారు. "ఈ లైనులో ఒక్క సంవత్సరంలోనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థ కూలిపోయినది, యువతరంలో స్వతంత్ర భావాలు పెరిగినవి, కుటుంబ నియంత్రణ ఘనవిజయం సాధించినది" అని తమరు కనిపెట్టినారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. తమరు కట్టెయ్యమనడమే కాదు, జున్నుపాలు ఎన్ని శేర్లు వచ్చినవో పట్టిక కూడా వేసినారు. మా ఇంటి కోడళ్లు ఇద్దరూ గోనెపట్టా ఎత్తికట్టి, ఒకే చేటలో రాగులు చెరుగుతూ ఆ మాట విని నవ్వినారు.

3. చిన్న కుటుంబమునకు ఉన్న గది చాలునని నా దరఖాస్తును, తమ్ముడి దరఖాస్తును తోసివేసినారు. ఆ రెండు చిన్న కుటుంబములూ ఉన్నది ఒకే గదిలో అని వ్రాసుకొనుటకు తమ పట్టికలో గడి లేకపోయినది కాబోలు.

4. ఇక అసలు మనవి. మా పెరట్లో మూడు రాళ్ల నీళ్ల పొయ్యి ఒకటి ఉన్నది. షిఫ్టు దిగి వచ్చే మాకు ఒళ్లు కడుక్కొనుటకు మా తల్లి దాని మీద వేడినీళ్లు కాచి ఉంచును. గుమాస్తా దానినీ లెక్కలో వేసుకొన్నాడు. పక్కన కూర్చున్న మా తల్లి మూడో కుటుంబమైనది. వేడినీళ్లు త్రాగి ఏ కుటుంబం బ్రతుకునో తమ నివేదికలో వ్రాయలేదు. దిక్కులేనివారికి మొదటి హక్కు గనుక, కోలారు పక్కన తమక అను ఊరి వద్ద ఇల్లు ఆమెకు వచ్చినది. నెలాఖరులోగా ఆమె అక్కడికి చేరవలెనట. వేరే కుటుంబం వారు, అనగా మేము, అందులో ఉండరాదట. పోకపోతే ఇక్కడ మా గదిలో ఆమె అక్రమ నివాసి అగునట! మోకాళ్ల నొప్పుల మనిషి. గని బోనులో పాతాళానికి దిగేటప్పుడు కూడా నాకు ఇంత భయం వేయలేదు. "ఏమప్పా ఓబలప్పా, తల్లిని అనాథను చేసి ఇల్లు కొట్టేసినావంట" అని లైనులో జనం అంటుంటే తల ఎత్తుకోలేకున్నాను. అయ్యా, నాకు ఇల్లు వద్దు. మా అమ్మను మాకు ఇచ్చేయండి.

కావున తమ పట్టికలో మూడో పొయ్యిని కొట్టివేసి, సదరు నరసమ్మను నా పొయ్యి కింద వ్రాసి, ఇంతకు మించి ఏమియు విశ్లేషించకుండ చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఓబలప్ప
(తమ లెక్క ప్రకారం మొదటి పొయ్యి)

తా.క.: మడిచే ముందు ఈ అర్జీని మా తల్లికి చదివి వినిపించినాను. సంతోషించుననుకొన్నాను. "యెవురు రాయమన్నారప్పా నిన్ను?" అన్నది. గుమాస్తా చేసిన పొరబాటు దిద్దుతున్నానమ్మా అన్నాను.

"ఆ యప్ప పొరబాటేం చేసినాడు? ఈ పొయ్యి యెవురిదమ్మా అని అడిగినాడు. నాదే అని చెప్పినాను. నువ్వొక్కతివే ఉండావా అన్నాడు. అవునన్నాను" అన్నది.

ఒక్కతివే ఎట్లుంటావమ్మా, ఎవరు చూసుకొంటారు అని అడిగినాను.

"మీ నాయిన షిఫ్టుకి, ఇంగ మీ షిఫ్టుకి, పెండ్లైన కాణ్ణించి లేసి నీళ్లు కాస్తానే ఉండాను. ఆడ నాకు నిద్రొస్తే పండుకొంటా, ఆకలైతే వొండుకొంటా. మీరూ రాండి, సంకటి పెడతా. రాత్రికి మాత్రం ఉండొద్దు, సర్కారోళ్లు ఒప్పుకోరు" అన్నది. తమకకు బస్సు ఎప్పుడుందో కనుక్కొని రమ్మన్నది.

అయ్యా, నాకు కోపమూ ఏడుపూ కలిసి వస్తున్నవి. పైన వ్రాసిన దానిని తమరేమి చేసుకొన్నా సరే. ఇల్లు మాత్రం రద్దు చేయవద్దు.