పొద్దున్నే ఎవరూ అనని మాట

తిరుపతి,
సోమవారం.

బావా,

రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్‌లో నువ్వు తిన్నావా అంటావు, నేను తిన్నానంటాను. ఆ తర్వాత నీ పాలకేంద్రం కబుర్లు, మా హాస్టల్ సాంబారు కబుర్లు. అసలు సంగతి నోటితో చెప్పలేక రాస్తున్నాను. ఈ శనివారం ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేస్తున్నాను.

మొదటినుంచీ చెబుతాను, ఓపిగ్గా చదువు. మూడు నెలల కిందట మా ఏకాంబరం సార్ నన్ను చెన్నై పంపించి రెండు రోజులు స్క్రమ్ అనే పని పద్ధతి నేర్పించాడు కదా. పనంతా ముగించి ఏడాది తర్వాత ఒకేసారి చేతిలో పెట్టడం కాదు, రెండేసి వారాల ముక్కలుగా చేసి, ప్రతి ముక్కనూ వాడేవాళ్లకు చూపించి, వాళ్లు చెప్పినదాన్నిబట్టి దిద్దుకుంటూ పోవాలి. ఆ రెండు వారాలను స్ప్రింట్ అంటారు. రోజూ పొద్దున పదిహేను నిమిషాలు టీమంతా నిలబడి తలా మూడు మాటలు చెప్పాలి. నిన్న ఏం చేశాను, ఈరోజు ఏం చేస్తాను, నాకేం అడ్డం ఉంది. ఆ అడ్డాలు తొలగించడమే స్క్రమ్ మాస్టర్ పని, అంటే నా పని. నేను మాస్టర్నయ్యానని నువ్వు మీ డెయిరీలో మైసూర్‌పాక్ పంచావు. అత్తేమో నాకు బడిలో ఉద్యోగం వచ్చిందని వీధంతా చెప్పింది.

మీ డెయిరీ కోసం మేం చేస్తున్న యాప్ నీకు తెలిసిందే. పాలు పోయగానే లీటర్లు, వెన్నశాతం ఫోన్‌లో ఎక్కించేది. నాలుగు స్ప్రింట్లు నడిచాయి. అడ్డం ఉన్నవాళ్లు రాసి బోర్డు మీద అంటించడానికి ఎర్రచీటీల కట్ట కొన్నాను. రెండు నెలల్లో ఒక్క చీటీ కూడా ఖర్చు కాలేదు. నా టీమంత టీమ్ ఆంధ్రాలో లేదని మురిసిపోయాను.

మొన్న శుక్రవారం చిత్తూరులో మీ డెయిరీ పెద్దల ముందు యాప్ చూపించాను. వాళ్ల ఆఫీసు కింది గదిలో సిగ్నల్ లేదు. మీ తాయమ్మ పేరున ఆరు లీటర్లు ఎక్కించాను. మాయమైంది. మళ్లీ ఎక్కించాను, మళ్లీ మాయం. మూడు వారాల గడువిచ్చి, అప్పటికీ కాకపోతే వేరేవాళ్లను చూసుకుంటామన్నారు. తిరిగి వస్తుంటే మా టీమ్‌లో తప్పులు పట్టే యోగానంద, సిగ్నల్ లేకపోతే అలా అవుతుందని తనకు తొమ్మిది రోజులుగా తెలుసన్నాడు. మరి రోజూ అడుగుతున్నాను కదా, ఎందుకు చెప్పలేదన్నాను.

"పొద్దున్నే సారు దేవునికి కర్పూరం ఇచ్చి పని మొదలు పెడతాడు. ఆరతి కండ్లకద్దుకోని, ఆ మీదనే అడ్డం వచ్చిండాదని నోటితో ఎట్ల అనేది మేడం? మా ఇంట్లో బియ్యం అయిపోయినా నిండుకున్నాయంటాం గానీ లేవనం కదా."

వ్యాన్‌లో ఉన్న ఎనిమిది మందీ తలలూపారు. నేనేమని తిట్టను? దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కిందనే ఇంట్లోనే కదా నేనూ పెరిగాను. చెన్నైలో పాఠం చెప్పినాయనకు మా ఆఫీసు కర్పూరం సంగతి తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా ఆ పొగ పోకముందే వాళ్లను వరసగా నిలబెట్టి ఏం అడ్డం, ఏం అడ్డం అని అడిగాను. పుస్తకమంతా చదివి మనుషుల్ని చదవలేదు. సిగ్గుగా ఉంది బావా. ఈ పనికి నేను తగను. పలమనేరు వచ్చేస్తాను. రెండు రోజులు ఏమీ అడగకుండా నన్ను పడుకోనివ్వు.

నీ
లోహిత


పలమనేరు,
గురువారం.

మా మాస్టరమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీమీద జాలేసింది, రెండోసారి నామీద నాకే అసహ్యమేసింది. యోగానంద దాచింది తొమ్మిది రోజులే. నేను నెలన్నర దాచాను.

మా కేంద్రంలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. పొద్దున ఎక్కించినదాంట్లో సగం నిలిచేది కాదు. అందుకని అంతా కాగితం మీద రాసుకుని, సాయంత్రం చెరువుకట్ట మీదికి వెళ్లి మొదటినుంచీ ఎక్కించేవాణ్ని. ప్రతి స్ప్రింట్ చివరా ఎలా ఉందని మీ ఆఫీసు అడిగేది నన్నే కదా. నాలుగుసార్లూ చాలా బాగుందని రాశాను. నాకు అక్కడ కర్పూరం లేదు, ఆరతి లేదు. ఆ యాప్‌ను నా ఫోన్‌లో వేసిన రోజు నీ ముఖం వెలిగిపోయింది, దానిమీద నీళ్లు చల్లలేకపోయాను, అంతే. పెళ్లాం మొదటిసారి చేసిన పులుసులో ఉప్పెక్కువైతే మొగుడు నోరు మూసుకుని తింటాడు చూడు, అలా తిన్నాననుకున్నాను. ఆ పులుసే నువ్వు తీసుకెళ్లి ఊరందరికీ వడ్డిస్తావని తోచలేదు.

నిన్న తాయమ్మకు జరిగింది చెప్పాను. ఇరవై ఏళ్లుగా మాకు పాలు పోస్తున్న మనిషి, ఆమెకు నా దగ్గర మొహమాటం లేదు. "మేం పాలల్లో నీళ్లు కలిపితే నువ్వు ఊరుకుంటావా నాయనా? నీ పెండ్లానికి మాత్రం ఇన్నాళ్లూ నీళ్లపాలే పోస్తా ఉండావే" అంది.

ఈరోజు చిత్తూరు వెళ్లి మా పెద్దాయనకు అంతా చెప్పేస్తాను. తిడితే పడతాను. నువ్వు మాత్రం నా అబద్ధానికి ఉద్యోగం వదులుకోకు. ఈ ఉత్తరంతో నాలుగు పేజీలు పెట్టాను. పాలు పోసేవాళ్లను అడిగి, వాళ్లు తిట్టింది తిట్టినట్టే రాశాను. తడిచేతికి తెర పలకదట. అక్షరాలు చీమల్లా ఉన్నాయట. ఆవుపాలు, గేదెపాలు ఒకేచోట కలిసిపోతున్నాయట. చదివి నన్ను తిట్టుకో.

నీ బావ
మునిప్రసాద్


తిరుపతి,
మరుసటి గురువారం.

బావా,

రెండు రోజులు నీ ఫోన్ ఎత్తలేదు. అది సిగ్నల్ తప్పు కాదు, కోపం. నెలన్నరపాటు రోజూ సాయంత్రం చెరువుకట్ట ఎక్కినవాడివి, ఒక్కరోజు ఆ కట్ట మీదినుంచే నాకు ఫోన్ చేసి యాప్ బాగాలేదని చెప్పలేకపోయావా? నీమీద ప్రేమ పొంగుకొచ్చింది, నీ చెవి మెలిపెట్టాలనీ అనిపించింది.

శనివారం రాజీనామా పట్టుకునే ఏకాంబరం సార్ గదిలోకి వెళ్లాను. దాన్ని సంచిలోంచి తీయకుండా నీ నాలుగు పేజీలు ఆయన ముందు పెట్టాను. రోజూ నిలబడి మాట్లాడుకోవడం సాయంత్రం నాలుగింటికి, టీ తర్వాత పెట్టుకుంటామని అడిగాను. కర్పూరం జోలికి రానంతవరకూ సరేనన్నాడు.

మొదటిరోజు ఎవరూ నోరు విప్పలేదు. అందుకని నేనే ఎర్రచీటీ మీద "మా ఆయన" అని రాసి బోర్డుకు అంటించాను. నేనేం చేసినా బాగుందంటాడు, ఇదీ నా అడ్డం అన్నాను. కడుపుబ్బా నవ్వారు. ఆ నవ్వు అయ్యాక యోగానంద లేచి మూడు చీటీలు అంటించాడు. బుధవారానికి బోర్డు మీద పద్నాలుగు. అన్ని తప్పులు చూశాక కూడా ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఇప్పుడు సిగ్నల్ లేకపోయినా లెక్క ఫోన్‌లోనే నిలుస్తుంది, సిగ్నల్ వచ్చాక దానంతటదే వెళ్తుంది. గడువులోపల మిగతావి ఎన్ని అవుతాయో తెలియదు. తెలియదనే మీ డెయిరీవాళ్లకు చెప్పాను.

ఇంకొక్క మాట, నొచ్చుకోకు. ప్రతి స్ప్రింట్ చివరా బాగుందో లేదో చెప్పే పనిలోంచి నీ పేరు నేనే తీసేశాను. నీ చోట తాయమ్మ పేరు రాశాను. శనివారం పొద్దున పాలు పోసేవేళకు పలమనేరులో ఉంటాను. ఆమె ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది, నేను పక్కన నిలబడి చూస్తాను. ఆమె ఛీ అన్నా నువ్వు అడ్డురాకూడదు, నా ముఖం చిన్నబోయినా చూడనట్టే ఉండాలి. తప్పులు చెప్పేవాళ్లు ఇప్పుడు నాకు చాలామంది ఉన్నారు బావా. మొగుడివి మాత్రం నువ్వొక్కడివే. నువ్వు ఆ పని చూసుకో.

నీ
లోహిత