అవ్వ పెట్టిన సంతకం

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నిన్న ఇంటి పన్ను బకాయి కోసం మున్సిపాలిటీ వాళ్లు ముగ్గురు మన బోధన్ ఇంటికి వచ్చారు. గడువు అడిగినా వినకుండా నీ కుట్టుమిషన్‌ను ఆటో ఎక్కించారు. నువ్వు పోయాక అవ్వ, నన్ను కన్నతల్లి, దాని మీద కుట్టే నన్ను చదివిస్తోంది.

అవ్వ సగం కుట్టిన జాకెట్ పట్టుకుని బయటికొచ్చింది.

"సారూ, ఇది కోటగిరి పెండ్లిపిల్లది. రేపే లగ్గం. గిది అయినంక కొంచబోర్రి."

వాళ్లు ముఖముఖాలు చూసుకుని మిషన్ దించారు. వీధంతా చూస్తుండగా అవ్వ వాకిట్లోనే కూర్చుని కుట్టింది. ఒక్కసారీ తలెత్తలేదు.

కుట్టడం అయ్యేదాకా నిలబడి చూసిన, వాళ్లలో పెద్దాయన కాగితం తీశాడు. "మిషన్ ఉండనియ్యమ్మా. మూడు కిస్తులల్ల కట్టుర్రి. సంతకానికి ఇంటాయనను పిలువు."

"సచ్చిపోయిండు సారూ."

ఇన్నాళ్లూ ఎవరడిగినా "ఇంట్ల లేడు" అనే చెప్పిన అవ్వ నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

తర్వాత పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాసింది, నీ ఇంటిపేరుతో సహా.